రంపం ఆగిన వేళ

కదిరిలో మస్తానాబీకి బొరుగుల బట్టీ ఉండేది. పెళ్లయిన నాటినుంచీ వేడి ఇసుకలో గరిటె తిప్పీ తిప్పీ ఆమె కుడిభుజం కీలు అరిగిపోయింది. చివరికి తల మీదికి చెంగు లాక్కోవడానికి కూడా పెనిమిటి లాల్ అహమ్మద్‌ను పిలవాల్సి వచ్చేది. 2006 ఎండాకాలంలో అనంతపురం డాక్టరు విష్ణువర్ధన్ కీలు మార్చక తప్పదన్నాడు.

ఆపరేషన్ బల్ల మీద ఆమెను పడకకుర్చీలోలాగా వాల్చి కూర్చోబెట్టారు. మెడ పక్కన సూది వేశాక చెయ్యి తనది కాకుండా పోయింది. ఇంకేదో మందిచ్చారు. కళ్లు మూతపడ్డాయి గానీ నిద్ర పట్టలేదు. మాటలు నీళ్ల అడుగునుంచి వస్తున్నట్టున్నాయి.

డాక్టరు రంపాన్ని గాలిలో ఒకసారి ఆడించి చూశాడు. ఆ చప్పుడుకు ఆమె ముందు ఎర్రటి కొండ లేచింది. కొండ నిండా తెల్లటి గాలిమరలు. ఒక రెక్క మీద కూర్చుని ఆమె పైకి పోతోంది. నొప్పి లేదు, బరువు లేదు. మొహానికి మబ్బు చల్లగా తగిలింది. ఇంత తడి పెట్టుకొని కిందికి ఒక్క చుక్కా వదలవేమే అని మబ్బును అడగబోయింది.

ఉన్నట్టుండి రెక్క ఆగింది.

"సార్, కోతకు కొలత చూపే కడ్డీ ముంజేతికి సమంగా లేదు," అంటోంది పక్కనున్న చిన్న డాక్టరు సుష్మ.

విష్ణువర్ధన్ వంగి చూశాడు. "నిజమే. చుట్టూ ఎముక ముళ్లు పెరిగుండాయి. వాటినే అసలు అంచు అనుకున్యా. ముందు అవి తీసేద్దాం."

"ఏమప్పా, ఆగిపోతిరే?" కళ్లు మూసుకునే అడిగింది మస్తానాబీ.

"కొలత చూసుకుంటాండామమ్మా. కోసినంక మళ్లా అతికించేకి కాదు గదా."

"నిదానంగానే కానీండి. నాకీడ బాగుండాది."

ఎవరో నవ్వారు. ముళ్లు తీస్తున్న చిటపటలు ఆమెకు బొరుగులు పేలుతున్నట్టే వినిపించాయి. మళ్లీ రెక్క కదిలింది. ఎప్పుడు నిద్రపోయిందో ఆమెకే తెలియదు.

చెయ్యి చాలా వారాలు మెడకు వేలాడింది. తర్వాత చెయ్యి పైకి లేచేందుకు గోడ మీద వేళ్లు పాకించడం నేర్చుకుంది. బట్టీ దగ్గర గరిటె ఇప్పుడు లాల్ అహమ్మద్‌దే. చలికాలంలో చూపించుకోవడానికి వెళ్లినప్పుడు అడిగింది:

"ఆ పొద్దు మీరు ఆగకపోయింటే ఏమయ్యేది సారూ?"

"కొత్త కీలు పక్కకు తిరిగి కూర్చునేది. జారతానే ఉండేది," అన్నాడాయన దాచకుండా. "నేను కోసేవాణ్ణే. సుష్మ చూసింది."

సుష్మ వరండాలో ఎదురైంది. మస్తానాబీ కుడిచెయ్యి మెల్లగా ఎత్తింది. సుష్మ తల వంచబోయింది.

"వంగొద్దులే తల్లీ. అందుతాది."

చెయ్యి పైదాకా వెళ్లి ఆ పిల్ల తల మీద ఆనింది. అది తన చెయ్యేనా అన్నట్టు మస్తానాబీ దానివైపే చూస్తూ నిలబడింది.