అన్నం వండే సీను

పులుసుకు చింతపండు పిసుకుతుంటే హాల్లోంచి నగేష్ అన్నాడు: "సినిమాలకు మాటలు రాసేటోళ్లకు ఇంట్ల మాట ఇనవడదా? నీళ్లు అడుగవట్టి ఎంతసేపాయె."

నీళ్ల కుండ అతను చెయ్యి చాస్తే అందేంత దూరంలో ఉంది. నేను చెయ్యి కడుక్కుని వెళ్లి ముంచి ఇచ్చాను. పెళ్లయినప్పటి నుంచి ఆ పనికి ఆలోచన అవసరం పడలేదు. తాగి గ్లాసు నా చేతికే ఇచ్చాడు. "భూపాలపల్లి షూటింగుకు పోవుడు లేదు. అమ్మ మోకాళ్లు చూస్తున్నవ్ గద" అన్నాడు.

ముందురోజే పెద్దవంగర షూటింగు చూడ్డానికి అతనూ అత్తమ్మా వచ్చి, నన్ను వెంటబెట్టుకుని డోర్నకల్ ఇంటికి తీసుకొచ్చారు.

నన్ను సినిమాలోకి పిలిచింది మనీషా. పత్రికల్లో వచ్చిన నా కథలు చదివి వెతుక్కుంటూ వచ్చింది. ఆమె కో-డైరెక్టరుగా ఉన్న సినిమా రజాకార్ల కాలం నాటిది. దళంలో తుపాకి పట్టిన లచ్చవ్వ, ఆమెను ప్రేమించిన, దళానికి కబుర్లు మోసే కొరియరు. హైదరాబాదు రచయిత రాసిన మాటల్లో యాస అతికించినట్టుందని, సరిచేయమంది. ఇంతకాలం సినిమాల్లో మా యాస రౌడీలకూ, నౌకర్లకూ, నవ్వించేవాళ్లకే. ప్రేమించే మగవాడి నోట అది ఎట్లా పలుకుతుందో రాయమంటే మొదట నాకేమీ తోచలేదు. నేనెప్పుడూ విని ఉండలేదు.

"మంచిదే, నలుగుట్ల చెప్పుకోను బాగుంటది" అని నగేష్ ఒప్పుకున్నాడు. పోయేముందు కారం, పచ్చళ్లు, పొడులు డబ్బాల్లో నింపాను. కూరల కోసం పక్కింటి అక్కను బతిమాలుకున్నాను. తీరా సెట్లో కూడా టీ వస్తే డైరెక్టరు కళ్లు మా వైపే తిరిగేవి. ఆ గుంపులో ఆడవాళ్లం నేను, మనీషా, బట్టలు చూసే చంద్రి. కప్పులు పంచేది మాలో ఎవరో ఒకరు.

పోరాటం ఆగిపోయి దళాలు తుపాకులు అప్పగించే సీను ఒకటుంది. కొరియరు లచ్చవ్వ చేతిలోంచి తుపాకి తీసుకుని, "ఇగ ఇంటికి పోదాం. నీ చేతి బువ్వ తిని ఎన్నొద్దులాయె" అంటాడు. ఆమె సిగ్గుపడుతుంది. రచయిత రాసింది అది. నేను కొట్టేశాను. గుట్టలెక్కి దిగిన మనిషితో, ఆకలికీ జ్వరానికీ ఓర్చి వచ్చిన మనిషితో ఏమనాలి? "జర కూసో. అలిసినవ్. బువ్వ నేనొండుత" అని రాశాను.

నగేష్ వాళ్లు వచ్చిన రోజే అది తీశారు. హీరో ఆ మాట అనగానే చంద్రి చేతిలో ఉన్న దళం చొక్కాతో కళ్లు తుడుచుకుంది. డైరెక్టరు లేచి హైదరాబాదు రచయిత భుజం చరిచాడు. "ఏం రాశావయ్యా!" ఆయన నవ్వి, "అలా వచ్చేసింది సార్" అన్నాడు. మనీషా నా వైపు చూసింది. నేను తల దించుకున్నాను.

కారులో నగేష్ అడిగాడు. "ఎవడన్నడు నీకు గా మాట?"

"ఏ మాట?"

"కూసో, నేనొండుత అని. ఊకెనే పుట్టదు గట్ల. ఎవడో అనే ఉంటడు."

"ఎవ్వరనలే. అందుకే రాసిన."

భూపాలపల్లి వద్దనడానికి కారణం మోకాళ్లు కావని ముగ్గురికీ తెలుసు.

నీళ్లిచ్చి, పులుసు దించి, మధ్యాహ్నం అత్తమ్మ కాళ్లకు నూనె రాస్తూ కూర్చున్నాను. ఆమె ఎక్కువ మాట్లాడే మనిషి కాదు. కాసేపటికి అడిగింది.

"గా పిలగాడు నిజంగ వండిండా?"

"ఎవరత్తమ్మా?"

"సిన్మల పిలగాడు. వండిండా, ఉత్తగనే అన్నడా?"

ఆ సీను ఆ మాటతోనే అయిపోతుందని చెప్పాను. ఆమె నవ్వింది. "మీ మామ సుత పెండ్లయిన కొత్తల మస్తు చెప్పిండు. మాటలదేముంది బిడ్డా." కాలు వెనక్కి తీసుకుంది. "ఇయి నువ్వు రాకముందు సుత నొచ్చినయి. పో, పోయి వండిపియ్యి వానితోని."

మర్నాడు బ్యాగు సర్దుకుని, "ఒక సీను రాయాలె, పోతున్న" అన్నాను. వంట ఎవరు చేస్తారని నగేష్ అడిగాడు. నేను చెప్పులు వేసుకున్నాను.

భూపాలపల్లి అడవిలో డైరెక్టరు విసుక్కున్నాడు. "లవ్ ట్రాక్ అయిపోయింది కదమ్మా?"

"వండుత అన్నడు సార్. వండలే."

ఆయన కొంచెం ఆలోచించాడు. "సరే, రాసివ్వు."

"రాస్త. గీ సీనుకు, మొన్నటి సీనుకు మాటలు రాసింది నేనని తెర మీద పడాలె."

హైదరాబాదు రచయిత ఫోన్లోకి చూస్తున్నాడు. మనీషా అంది, "రాసింది ఆమెనే సార్. నేను చూసిన." డైరెక్టరు మా ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. "వేయిద్దాం లెండి" అన్నాడు. నా పేరు పూర్తిగా ఏమిటని మొదటిసారి అడిగాడు.

ఆ సీను తీయడానికి చాలాసేపు పట్టింది. పొయ్యి ఊదుతూ హీరో దగ్గేవాడు. హీరోయిను ప్రతిసారీ సాయం చేయడానికి లేచేది. "లేవొద్దమ్మా" అని మనీషా అరిచేది. "తెలియకుండానే లేస్తున్నానండీ" అని ఆ అమ్మాయి సిగ్గుపడింది. నేను పక్కకెళ్లి, "ఏం చెయ్యకు. ఉడికేదాక చూస్తుండు" అని చెప్పాను. చివరికి కూర్చోగలిగింది.

అప్పుడే నగేష్ ఫోను చేశాడు.

"ఎసరు ఎంత పెట్టాలె?" గొంతు కోపంగానే ఉంది.

"నీళ్లు ఎక్కువనే పొయ్యి. వారుస్తం గద."

వెనక నుంచి అత్తమ్మ గొంతు: "ముందుగాల బియ్యం కడుగురా!"

నాకు ప్రేమా పుట్టలేదు, గెలిచినట్టూ అనిపించలేదు. అతను గిన్నె కోసం వెతుకుతున్న చప్పుడు వింటూ నిలబడ్డాను.

"ఎప్పుడొస్తవ్?" అన్నాడు.

డబ్బింగు అయ్యేదాకా తనతో ఉండమని మనీషా పొద్దున అడిగింది. ఇంట్లో అడిగి చెప్తానన్నాను.

"ఇటునుంచి ఇటే హైదరాబాదు పోతున్న. అక్కడ పనుంది" అన్నాను. "గంజి వంచేటప్పుడు గుడ్డ వట్టుకో. చెయ్యి కాలుతది."