వేయని తాళం

సన్యాసి కోడి ఈకను కొబ్బరి నూనెలో ముంచి, తాళం కప్ప కన్నంలోకి పోనిచ్చి, అటూ ఇటూ తిప్పాడు. కొక్కేన్ని నాలుగుసార్లు ఆడించాడు. చప్పుడు లేకుండా కదిలింది. దాన్ని తెరిచింది తెరిచినట్టే గేటు పక్క మేకుకు తగిలించి, చేతికంటిన నూనెను తలకు రాసుకున్నాడు.

వైదామూ మునిసిపల్ మార్కెట్టుకు ఆ తాళం వచ్చి ఏళ్ళు గడిచాయి. మేయరుగారి సొంత హార్డ్‌వేర్ కొట్టు నుంచే వచ్చింది కాబట్టి మంచి సరుకే అయ్యుండాలి. ఇంతవరకూ ఒక్క రాత్రయినా దాన్ని వేసిన పాపాన పోలేదు. వేయకపోయినా మునిసిపాలిటీ సొత్తు తుప్పు పట్టకూడదు గదా అని రోజూ పొద్దున్నే దానికి ఈ అభ్యంగనం. అలాంటి మనిషి సన్యాసి.

పేరు చూసి సన్యాసం పుచ్చుకున్నాడనుకునేరు. చెరకు తోటల్లో కూలికి ఓడెక్కి ఫిజీ వచ్చిన ముత్తాత పేరది. అతనికి అంటుకుంది, అంతే. ధన్‌మతితో నిండుగా కాపురం చేశాడు. పిల్లలు కలగలేదు. కౌలు గడువు తీరి పొలం చేజారిపోయినప్పుడు, ఇంటి రేకులు విప్పి లారీ మీద వేసుకుని ఇద్దరూ టౌనుకొచ్చారు. ధన్‌మతి మార్కెట్లో చివరి బల్ల మీద కొత్తిమీర, బెండకాయలు పెట్టుకుంది. భార్య బల్ల చుట్టూ రోజూ ఊడ్చే మనిషిని చూసి, మునిసిపాలిటీవాళ్ళు మార్కెట్టంతా ఊడ్చే పని అతనికే ఇచ్చారు.

అతను చీపురు అందుకున్నాడు. కొబ్బరి ఈనెల కట్టకు జామకర్ర బిగించి తనే చేసుకున్న పొడుగు చీపురు. బక్కపలచని ఒళ్ళు, కణుపుల్లాంటి మోకాళ్ళు, పైన మునిసిపాలిటీ ఇచ్చిన ఖాకీ నిక్కరు. ఎడమకాలి రబ్బరు చెప్పు తెగితే గాలం దారంతో కుట్టుకున్నాడు. చేపల అరుగు దగ్గర మొదలుపెట్టి పొలుసులు ఒక పక్కకి, తొడిమలు, తొక్కలు ఒక పక్కకి తోసుకుంటూ వచ్చాడు. ఇవాళెందుకో ఎడమచెయ్యి లాగుతోంది. రాత్రి ఆ పక్కకి తిరిగి పడుకుని ఉంటానులే అనుకుని, చీపురు కుడిచేతికి మార్చుకున్నాడు.

గురువారం గనక బల్లల కింద మరింత శ్రద్ధగా ఊడ్చాడు. గురువారం సాయంత్రం రేవులో పడవ ఆగుతుంది. దీవుల నుంచి ఆడవాళ్ళు చేమదుంపల బుట్టలు, కర్రపెండలం మూటలు, కొబ్బరాకులో చుట్టిన పీతలు మోసుకుంటూ దిగుతారు. శుక్రవారం, శనివారం అమ్ముకుని తిరుగు పడవెక్కుతారు. గురు, శుక్రవారాల రాత్రులు ఎవరి బల్ల కింద వాళ్ళు చాప పరుచుకుని పడుకుంటారు. వాళ్ళ అమ్మలూ అలాగే పడుకున్నారు.

ఊడ్పు సగంలో ఉండగా కౌన్సిలర్ ఇసికేలి వచ్చాడు. పూర్వం బడిపంతులు. ఇప్పటికీ ఊరంతా పంతులుగారనే పిలుస్తారు.

"సన్యాసీ, సాయంత్రం మీటింగుకి నిన్నూ రమ్మన్నారట. క్లర్కు చెప్పాడా?"

"చెప్పాడు పంతులుగారూ. ఎందుకో చెప్పలేదు."

"ఎందుకేముంది, ఈ గేటు గురించే. ఇవాళ్టి నుంచే తాళం పడాలంటున్నాడు మేయరు. లోపల కిరసనాయిలు పొయ్యిలు వెలిగిస్తున్నారు కదా. పక్క టౌన్లో మార్కెట్టు తగలబడిన దగ్గర్నుంచి ఆయనకి కంటిమీద కునుకు లేదు."

"మరి ఆడవాళ్ళు? పడవ వచ్చేస్తుంది కదా ఇవాళ."

"బస్టాండులో పడుకోవచ్చంటున్నాడు."

"బస్టాండుకి గోడలెక్కడున్నాయండీ?"

"నేనూ అదే అన్నాను. ఎవడు విన్నాడు? ఓట్లు ఆయన వైపే ఉన్నాయి."

సన్యాసి చీపురుకర్ర మీద గడ్డం ఆనించాడు. "వాళ్ళని లేపి బయటికి పంపేదెవరు?" అని అడిగాడు.

"ఎవరేమిట్రా," అన్నాడు ఇసికేలి జాలిగా. "గేటు మనిషివి నువ్వే కదా."

పంతులుగారు వెళ్ళిపోయాక సన్యాసి బకెట్లో నీళ్ళు పట్టడం మొదలుపెట్టి, అది నిండి పొర్లుతున్నా చూసుకోలేదు. ధన్‌మతి పోయింది ఒక శుక్రవారం రాత్రి. గుట్ట మీద ఆస్పత్రి నుంచి అతను ఇంటికి పోకుండా, ఎందుకో తెలియకుండానే, మార్కెట్టుకొచ్చి ఆమె బల్ల దగ్గర కూలబడ్డాడు. బల్లల కింద నుంచి ఒక్కొక్కరే ఆడవాళ్ళు లేచొచ్చారు. ఎవరూ ఏమీ అడగలేదు. కొత్త చాప తెచ్చి అతని కింద పరిచి, తెల్లవార్లూ చుట్టూ కూర్చున్నారు. ఆ తర్వాత నుంచి గురు, శుక్రవారాలు సన్యాసి ఇంటికి పోడు. గేటు దగ్గరే పడుకుంటాడు. లోపల వాళ్ళ మాటలు, నవ్వులు, చంటిదాని ఏడుపు, ముసలమ్మ దగ్గు వినిపిస్తుంటే అతనికి నిద్ర పడుతుంది. మిగతా రాత్రులు ఆ రెండు రాత్రుల కోసమే. వాళ్ళని తన చేత్తో బయటికి నెట్టి తాళం వేయడమంటే, ధన్‌మతిని ఇంకోసారి సాగనంపడమే అతనికి.

మధ్యాహ్నం రొట్టె, పచ్చడి తిన్నాననిపించి, చీపుర్ల గదిలోంచి మొగలాకులో చుట్టిన కట్ట ఒకటి తీశాడు. దంచి నీళ్ళలో కలుపుకుని తాగే యంగోనా వేళ్ళు; ఇక్కడ పెద్దల్ని ఏదైనా అడగాలంటే ముందు పెట్టేది అవే. పోయిన శనివారం లోసనా ఇచ్చి వెళ్ళింది. లోసనా పీతలమ్మే మనిషి, ఆ ఆడవాళ్ళందరికీ పెద్దదిక్కు. సన్యాసి ముత్తాత వాళ్ళ ఊరి పక్కనే చెరకు నరికాడని తెలిసిన రోజు నుంచి అతన్ని బావా అని పిలుస్తూ, ఏడిపిస్తూ ఉంటుంది. తాళం మాట అప్పటికే ఆమె చెవిన పడింది.

"అడగాల్సి వస్తే ఉత్త చేతుల్తో పోకు బావా," అని ఆ రోజే చెప్పింది. "మా మగాళ్ళనడిగితే మార్కెట్టు ఆడాళ్ళ గొడవ అంటున్నారు. నువ్వే మాకు మగదిక్కు, ఏం చేస్తాం, మా ఖర్మ. మేయరు ముందు నేలమీద కూర్చో. కట్ట అతని ముందు పెట్టు. నేను చెప్పిన మాటలు చెప్పు. అతను ముట్టుకున్నాడా, ఇచ్చినట్టే. తోసేశాడా, లేనట్టే. మాటలు గుర్తున్నాయా?"

"ఉన్నాయి."

"ఏవీ, చెప్పు?"

చెప్పాడు. సగం తప్పుచెప్పాడు. ఆమె మళ్ళీ చెప్పించింది. ఇవాళ దారి పొడుగునా వాటినే గొణుక్కుంటూ టౌన్ హాలు మెట్లెక్కాడు. మధ్యలో ఒకసారి ఆయాసం వచ్చి, కమ్మీ పట్టుకుని నిలబడ్డాడు.

మీటింగు అప్పటికే నడుస్తోంది. పెద్ద బల్ల చుట్టూ కౌన్సిలర్లు, నడుమ మేయర్ వ్రజ్‌లాల్, పక్కన క్లర్కు. సన్యాసి గోడవారన స్టూలు మీద కట్ట ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. రేవు రోడ్డులో వెలగని దీపాల గురించి మాట్లాడుకున్నారు. శ్మశానంలో మేస్తున్న మేకలు ఎవరివో తేలక ఒకరినొకరు అనుమానంగా చూసుకున్నారు. తర్వాత చెత్త లారీ బ్రేకుల విషయం వచ్చింది. లారీ ఆగడం లేదని అందరూ ఒప్పుకున్నారు గానీ, చర్చ కూడా ఓ పట్టాన ఆగలేదు. చివరికి మార్కెట్టు గేటు వంతు వచ్చింది.

"సన్యాసీ, తాళం పనిచేస్తోందా?" అని అడిగాడు మేయరు.

సన్యాసి లేచి నిలబడ్డాడు. "భేషుగ్గా పనిచేస్తుంది సార్. రోజూ నూనె వేస్తాను."

"మరి రాత్రిళ్ళు వేయవేం?"

"లోపల మనుషులుంటారు కదా సార్."

ఎవరో నవ్వారు. మేయరు నవ్వలేదు. అతను చెడ్డవాడు కాదు. "అదే నా భయం," అన్నాడు. "ఒక్క పొయ్యి బోర్లా పడిందనుకో. అంతమంది ఆడవాళ్ళు. రేపు జనం ఎవర్నడుగుతారు, నిన్నా నన్నా?"

సన్యాసికీ ఆ భయం ఉంది. అందుకే రాత్రి లేచి లేచి పొయ్యిలన్నీ ఆరాయో లేదో చూసి వస్తుంటాడు. అది చెప్పాలని తోచలేదు. కట్ట పట్టుకుని ముందుకు నడిచాడు. మేయరు ముందు నేలమీద పెట్టాలి. కానీ అడ్డంగా బల్ల ఉంది. మరేం చేయాలో తెలియక కట్టను బల్ల మీదే, మేయరు కాగితాల మీదే పెట్టేశాడు. అంత తప్పు పద్ధతి చూసి ఇసికేలి కళ్ళు మూసుకున్నాడు. సన్యాసి మోకాళ్ళు పట్టుకుని మెల్లగా నేలమీద కూర్చున్నాడు. బల్ల ఎత్తుకి అతని తల మాత్రమే కనిపిస్తోంది. నోరు తెరిచాడు. లోసనా నేర్పిన మాట ఒక్కటీ రాలేదు.

"మా ఆడవాళ్ళు సార్," అన్నాడు. మళ్ళీ, "మా ఆడవాళ్ళు..." అన్నాడు.

"ముందుగా పేరివ్వనివాళ్ళు మాట్లాడకూడదు," అన్నాడు క్లర్కు.

"సరే, సరే. ఓటుకి పెడదాం. ఆ కాగితం ఏదీ?" అని మేయరు బల్లంతా తడిమాడు. కాగితం కట్ట కింద ఉంది. అతను రెండు చేతులా కట్టను ఎత్తాడు.

ఇసికేలి కుర్చీలోంచి లేచి, కట్ట పుచ్చుకున్నప్పుడు కొట్టే పద్ధతిలో అరచేతులు వంచి, నెమ్మదిగా, బరువుగా చప్పట్లు చరిచాడు. "మేయరుగారు ముట్టుకున్నారు," అన్నాడు. బల్ల చుట్టూ ఇంకొన్ని చేతులు అలాగే చప్పుడు చేశాయి.

వ్రజ్‌లాల్ ఈ గడ్డ మీద పుట్టినవాడే. వాళ్ళ తాత ఈ ఊళ్ళో కొట్టు పెట్టుకోడానికి చోటు అడిగింది కూడా ఇలాంటి కట్ట పెట్టే. ఎత్తిన క్షణంలోనే అతనికి అర్థమైంది. పరాయివాళ్ళ పసిబిడ్డను ఎత్తుకుని ఎక్కడ దించాలో తెలియనివాడిలా, దాన్ని పట్టుకుని అలాగే ఉండిపోయాడు.

"అసలు అతనేమీ అడగలేదే?" అన్నాడు క్లర్కు.

"మా ఆడవాళ్ళు అన్నాడు, వినలేదా?" అన్నాడు ఇసికేలి. "ఇంకేం అడగాలయ్యా."

మేయరు వంగి బల్ల అవతలకి చూశాడు. సన్యాసి తలెత్తి అతనికేసే చూస్తున్నాడు. కళ్ళ నిండా నీళ్ళు.

"కాగితం కోసం ఎత్తాను," అన్నాడు మేయరు ఎవరితోనో అన్నట్టు. తర్వాత ఊపిరి వదిలి, "ఏదైతేనేం, ముట్టుకున్నాను," అన్నాడు. "పొయ్యిలు మాత్రం బయట. గోడ అవతల, కుళాయి పక్కన. లోపల అగ్గిపుల్ల గీశారో, ఊరుకోను. తెలిసిందా?"

సన్యాసి తలూపాడు.

"ఏమని రాయమంటారండీ?" అన్నాడు క్లర్కు దిగాలుగా.

"వాయిదా అని రాయండి."

సన్యాసి లేవబోయాడు గానీ కాళ్ళు సహకరించలేదు. ఒక రెక్క పంతులుగారు, ఒక రెక్క మేయరు పట్టుకుని లేపారు. "బొత్తిగా బరువే లేవేమయ్యా," అన్నాడు మేయరు. "సరిగ్గా తింటున్నావా?"

అతను మార్కెట్టుకొచ్చేసరికి పడవ దిగిన ఆడవాళ్ళు గేటు బయటే బుట్టలు దించుకుని నిలబడి ఉన్నారు. గేటు తెరిచే ఉన్నా లోపల అడుగు పెట్టలేదు. లోసనా ఎదురొచ్చింది.

"ఏం బావా, నా బల్ల కింది మేడ ఊడ్చావా?"

"ఊడ్చాను."

"మాటలన్నీ సరిగ్గా చెప్పావా?"

"మర్చిపోయాను."

ఆమె ముఖం పాలిపోయింది. "అన్నీనా?"

"అన్నీ. కట్ట కూడా బల్ల మీద పెట్టాను. మేయరు ముట్టుకున్నాడు."

లోసనా కాసేపు నమ్మలేదు. జరిగింది విన్నాక నవ్వడం మొదలుపెట్టి, నవ్వి నవ్వి గేటు పట్టుకుని ఏడ్చింది. తర్వాత బుట్ట నెత్తికెత్తుకుని, "ఒసేయ్, రండే, మా బావ గెలిచొచ్చాడు. పొయ్యిలు మాత్రం బయట పెట్టమన్నారు," అని కేకేసింది. బల్లల కింద చాపలు పరుచుకున్నాయి.

కుళాయి పక్కన పొయ్యిలు వెలిగాయి. కొబ్బరిపాలల్లో చేప వండి, ఉడికిన పెండలం ముక్కతో లోసనా అతని ముందు పెట్టింది. రెండు ముద్దలు తిన్నాడు. "ఇవాళ అలసిపోయాను వదినా, కాస్త నడుం వాలుస్తాను," అన్నాడు. ఎప్పుడూ వరస కలపని మనిషి వదినా అనడం ఆమెకు కొత్తగా తోచింది. గేటు పక్క చాప మీద, ధన్‌మతి పోయిన రాత్రి వాళ్ళు పరిచిన ఆ చాప మీదే, సన్యాసి పడుకున్నాడు. ఇంకా చీకటి పడలేదు. లోపల ఆడవాళ్ళు సంధ్య ప్రార్థన పాట అందుకున్నారు. అతను కళ్ళు మూసుకుని, హాయిగా విన్నాడు.

పాట పూర్తయ్యేసరికి సన్యాసి లేడు.

దుప్పటి కప్పబోయి లోసనా అతని పాదం తాకింది. ఎవరినీ పిలవలేదు. చెప్పులు విప్పి పక్కన పెట్టి, తలదగ్గర కూర్చుంది. కాసేపటికి ఒక్కొక్కరే బల్లల కింద నుంచి లేచొచ్చి చుట్టూ కూర్చున్నారు.

పొద్దున మేయరు వచ్చాడు. ఇసికేలి వచ్చాడు. సన్యాసిని అదే చాపలో చుట్టి ఆడవాళ్ళే లారీ దాకా మోశారు. గౌరవంగా ఇవాళ మార్కెట్టు మూసేద్దాం అన్నాడు క్లర్కు. "ఆకుకూరలు వాడిపోతాయి. అతనొప్పుకోడు," అంది లోసనా. కనీసం అంత్యక్రియల వేళకైనా గేటు మూద్దామని క్లర్కు తాళంచెవి కోసం చీపుర్ల గదంతా వెతికాడు. నూనె సీసా దొరికింది, కోడి ఈక దొరికింది, చెవి దొరకలేదు. దాని అవసరం ఎన్నడూ పడలేదు మరి. వ్రజ్‌లాల్ మేకు మీది తాళం కప్పను తీసి చేతిలో తిప్పి చూశాడు. వేళ్ళకు నూనె అంటింది. తుడుచుకోకుండా దాన్ని మళ్ళీ ఉన్నచోటే తగిలించాడు.

జనం గేట్లోంచి వస్తూ పోతూ ఉన్నారు. పక్కన మేకు మీద తాళం కప్ప తెరుచుకునే ఉంది. కన్నం అంచున కొబ్బరి నూనె ఇంకా మెరుస్తోంది.