పత్తికట్టెల బూడిద

నా నౌకరీ తీసింది కొండల్‌రావు సారు. తప్పు ఆయనది, శిక్ష నాకు. ఇందులో వాదించడానికేమీ లేదు.

నా పేరు అంతయ్య. 1964లో నేను ఆదిలాబాద్‌లో ఒక కాలేజీ ప్రయోగశాలలో అటెండరును. బోథ్‌లో నాలుగో తరగతి వరకు చదివాను. ఇంకా పర్మనెంటు కాలేదు. నా భార్య శంకరవ్వ అక్కడే గాజు సామాను, గిన్నెలు తోమేది. బూడిదతోనే. ఇంటి పొయ్యిలో కాలిన పత్తికట్టెల బూడిద గంపకెత్తి తెచ్చేది.

ఆ ఏడు, మా కాలేజీలో ఫిజిక్సు చెప్పే ఈ సారు పొటాషియం ఉప్పు మీద న్యూట్రాన్లు పడేస్తే ఏమవుతుందో కొలుస్తున్నాడు. మైనం పెట్టెలో న్యూట్రాన్లు విడిచే గొట్టం ఉండేది. ఉప్పును దాని పక్కన రెండు రోజులు ఉంచి, తీసి, రేడియేషన్ తగిలితే టిక్కుటిక్కుమనే డబ్బా కింద పెట్టాలి. గంటగంటకూ నిమిషానికి ఎన్ని టిక్కులో నేను రాయాలి. న్యూట్రాన్లు పడకున్నా పొటాషియం దగ్గర డబ్బా కొంత కొడుతుంది. అది ముందే కొలిచి తీసేస్తాం. మిగిలింది పన్నెండు గంటలకోసారి సగమవ్వాలి. ఈ పని సరిగ్గా జరిగితే నన్ను పర్మనెంటు చేయిస్తానన్నాడు సారు.

ఉప్పును డబ్బా కింద పెట్టిన మర్నాడు శంకరవ్వ నిండు బూడిద గంప తెచ్చి ఆ డబ్బా ఉన్న బల్ల కింద పెట్టింది. కాసేపటికి నా దగ్గరికి వచ్చింది.

"ఏమయ్యా, గంప పెట్టంగనే గా డబ్బ ఎక్కువ కొట్టుకుంటుంది. సారుకు జర చెప్పు."

"బూడిదకు పానమున్నదా? రేపటి సంది నువ్వే పాఠం చెప్పు, సారు గిన్నెలు తోముతడు."

ఆమె నవ్వలేదు. గంపను అక్కడే వదిలి పోయింది.

నాలుగు రోజులైనా అంకె సున్నా దాకా దిగలేదు. ఒకచోట ఆగిపోయింది. సారు నోటుబుక్కు నా ముందు పడేశాడు.

"ఇంటికాడ కూసోని రాసినవా, అంతయ్యా?"

"లేదు సారూ. కొట్టినన్నే రాసిన."

"దునియా అంతట సగమైతది. గీ ఆదిలాబాద్‌లనే కాదా?"

అప్పుడు బూడిద మాట నా నాలుక దాకా వచ్చింది. నా పెండ్లాం చెప్పిందంటే నవ్వుతాడని మింగేశాను. దొంగ అంకెలు రాశానని ఆయన పైకి రాసిచ్చాడు. నాతో పాటు శంకరవ్వనూ తీసేశారు.

జిన్నింగు మిల్లులో చేరాం. రెండేళ్లు పత్తి దుమ్ము పీల్చి శంకరవ్వ దగ్గుతూనే పోయింది. "నేను చెప్పలేదా" అని ఒక్కనాడూ అనలేదు.

ఆమె పోయిన నెలకు సారు ఇల్లు వెతుక్కుంటూ వచ్చాడు. గడప బయటే నిలబడ్డాడు.

"కొత్త మనిషి సబ్బుతోని తోముతుండు. ఈ ఏడు మల్ల కొలిచిన. గంప లేకపొయ్యేసరికి లెక్క కుదిరింది. బూడిదల కూడ పొటాషియమే ఉంటది, అంతయ్యా. సదువుకున్నోన్ని, నాకే తట్టలే. ఎవలకూ తట్టలే. తప్పు నాదే. మల్ల పనికి రా."

ఎవరికీ తట్టలేదన్నాడు. శంకరవ్వకు తట్టిందని చెప్పాల్సింది. చెబితే, మరి ఆమె నోరు మూయించిందెవరని అడుగుతాడు.

తలుపు వేశాను. పనికి పోలేదు. ఆయనను క్షమించలేదు, క్షమించను. ఆమె నోరు మూయించిన రెండో మనిషినీ అంతే. ఇక ఈ సంగతి ఎవరు అడిగినా నా నోట రాదు.