ముగ్గు లేని ఇల్లు

ఆటోనగర్‌లో లారీ బాడీలు కట్టే ఒక షెడ్డు పైన చిన్న గది ఉంది. కింద రోజంతా రేకుల మీద సుత్తి దెబ్బలు పడుతుంటే, పైన ముగ్గురు మనుషులు చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించుకుని వీడియో గేమ్ తయారు చేస్తుంటారు. ఇలాంటి చోట ఇలాంటి పనేమిటని అడిగినవాళ్ళందరికీ లక్ష్మీకాంత్ ఒకటే జవాబు చెప్పేవాడు: "అద్దె తక్కువండీ." ఆ కంపెనీకి యజమాని, మేనేజరు, కరెంటు పోతే జనరేటర్ వేసేవాడు అన్నీ అతనే. బొమ్మలు గీసేది చక్రి. కథ రాసేది అక్షయ.

ఆ కథ మీద అక్షయకు నాలుగేళ్ళు గడిచాయి. ఆటలో బాబీ అనే ఇరవై ఏళ్ళ కుర్రాడు ఒక తెల్లవారుజామున తన ఊళ్ళో నిద్ర లేస్తాడు. కృష్ణా కాలవ గట్టున ఉన్న ఊరు. బాబీ పలకరిస్తే ఎవరూ పలకరు. ఊరి చెవుల్ని ఎవరో ఎత్తుకుపోయారనుకుని, ఆ దొంగను వెతుక్కుంటూ చుట్టుపక్కల ఊళ్ళన్నీ తిరుగుతాడు. కథ జరిగేది ఒక్క పూటే అయినా ఆడేవాళ్ళకు ఎనిమిది గంటలు పడుతుంది. చివరికి తెలిసేదేమిటంటే, ఊరి చెవులు బాగానే ఉన్నాయి. లేనిది బాబీయే. కాలవలో మునిగి చనిపోయి సరిగ్గా ఏడాదయింది. ఇవాళ వాడి సంవత్సరీకం.

ఈ మలుపును అక్షయ ఎక్కడా దాచలేదు. అదే ఆమె పంతం. మొదటి దృశ్యంలో వీధి పొడుగునా ప్రతి వాకిట్లోనూ ముగ్గు ఉంటుంది, బాబీ ఇంటి ముందు తప్ప. ఇలాంటి ఆటలన్నింటిలోనూ హీరో ఎవరింట్లోకి పడితే వాళ్ళింట్లోకి జొరబడి పెట్టెలు తెరుస్తాడు, ఎవరూ కాదనరు. ఆడేవాళ్ళకు అది అలవాటే. ఇక్కడ కాదనకపోవడానికి కారణం వేరు, వాడు వాళ్ళకు కనపడడు. ఊళ్ళోవాళ్ళు అన్న మాటే మళ్ళీ మళ్ళీ అంటారు. అదీ ఆటల్లో మామూలే. నిజానికి వాళ్ళు తమలో తాము అనుకుంటున్నారు. ఒంట్లో శక్తి తగ్గినప్పుడు బాబీ తినేది ఒక్కటే, పిట్టగోడల మీద కాకులకు పెట్టిన అన్నం ముద్ద. అన్నీ కళ్ళ ముందే పెట్టి, చివర్లో "చూడలేదా?" అని అడగాలన్నది ఆమె కోరిక.

గన్నవరం వైపు నుంచి వచ్చిన పదిమంది ఇంజినీరింగ్ పిల్లలు ఆడి చూశారు. పదిమందికీ ఒళ్ళు మండింది. "ముందు ఒక్క ముక్క చెప్పకుండా చివర్లో చంపేశారు, ఇది మోసం," అని రాసి ఇచ్చారు. అందులో నలుగురు బుద్ధిమంతులు తప్పుల పట్టికలో ఇంకో సంగతి కూడా చేర్చారు: మొదటి ఇంటి ముందు ముగ్గు లోడ్ అవ్వలేదట, సరిచేయమన్నారు. చక్రి పాపం సరిచేయబోయాడు కూడా. అక్షయ అతని చెయ్యి పట్టుకుని ఆపింది.

"పదికి పది మంది, అక్షయా," అన్నాడు లక్ష్మీకాంత్. "హైదరాబాద్ పబ్లిషర్‌కి పదిహేను రోజుల్లో పంపాలి. ఆ మలుపు తీసేద్దాం. దొంగ దొరికాడు, చెవులొచ్చాయి, వాళ్ళమ్మ పరవాన్నం వండింది. అందరూ హ్యాపీ."

"ఇంకొక్కరితో ఆడించి చూద్దామండీ. వాళ్ళూ మోసం అంటే నా చేత్తో నేనే చెరిపేస్తాను."

అనేసింది గానీ, నాలుగేళ్ళ పని ఎవరో ముక్కూమొహం తెలియని మనిషి నోట్లో పెట్టేసింది. లక్ష్మీకాంత్ ఒక వేలు చూపించాడు. ఒక్కరంటే ఒక్కరు.

ఆ ఒక్కరు ఎవరన్నది చక్రి తేల్చాడు. కంకిపాడు నుంచి శివపార్వతి గారని ఒకావిడ రోజూ మధ్యాహ్నం షెడ్లకు భోజనం క్యారియర్లు తెస్తుంది. పనివాళ్ళు తిని క్యారియర్లు ఖాళీ చేసేదాకా గంటసేపు ఈ గదిలో ఫ్యాను కింద కూర్చుంటుంది. యాభై దాటిన మనిషి. వీడియో గేమ్ ముట్టుకున్న పాపాన పోలేదు.

"పిన్నిగారూ, కాసేపు ఇది ఆడి పెడతారా?" అంది అక్షయ.

"విరగ్గొడితే నన్నడక్కు మరి," అని ఆవిడ కంట్రోలర్ను రెండు చేతుల్లోకీ తీసుకుని కళ్ళజోడు సర్దుకుంది. తెర వెలిగింది. తెల్లవారుతున్న వీధి కనిపించింది. ఆవిడ ఇంకా ఒక్క మీటా నొక్కలేదు.

"అదేంటమ్మాయ్, ఈ ఇంటి ముందు ముగ్గెయ్యలేదు? తద్దినమా ఇవాళ?"

గదిలో ముగ్గురూ కట్టెల్లా బిగుసుకుపోయారు. నలుగురు తప్పుగా లెక్కేసిన చోట ఈవిడ ఒక్క చూపుతో చదివేసింది. లక్ష్మీకాంత్ అక్షయ వైపు గుడ్లురిమి చూశాడు, ముందే చెప్పి పెట్టావా అన్నట్టు. ఆమె అడ్డంగా తల ఊపింది.

పక్కింట్లో బాబీ పెట్టె మూత తీస్తే ఆవిడ నొచ్చుకుంది. "పరాయి కొంపలో జొరబడి పెట్టె తీస్తుంటే ఒక్కళ్ళూ కేకెయ్యరేం? వీడు కనపట్టల్లేదా వాళ్ళకి?" తర్వాత పిట్టగోడ మీది ముద్ద వచ్చింది. బాబీ దాన్ని తినగానే శక్తి గీత పెరిగింది. ఆవిడ కంట్రోలర్ను ఒళ్ళో పెట్టేసుకుంది.

"వీడిదేనమ్మా ఆ తద్దినం," అంది మెల్లగా.

గడియారం చూస్తే పావుగంట కూడా కాలేదు. అక్షయకు ఆశ్చర్యం మాట అటుంచి ఏడుపొచ్చింది. లక్ష్మీకాంత్ ఆమెను మెట్ల మీదికి పిలిచాడు. "తెలియనివాళ్ళకి మోసం, తెలిసినవాళ్ళకి పావుగంట బేరం. ఎటు చూసినా మన మలుపు పనికిరాదు. ఒప్పుకుంటావా?"

ఒప్పుకోక ఏం చేస్తుంది? లోపలికొచ్చి, "ఇంక చాల్లెండి పిన్నిగారూ, మీకు తెలిసిపోయిందిగా," అంది.

శివపార్వతి గారు తెర మీంచి కళ్ళు తిప్పలేదు. "నాకు తెలిస్తే ఏం లాభం? వాడికి తెలీదు గదా ఇంకా."

అక్షయ అక్కడే నేల మీద చతికిలబడింది. నాలుగేళ్ళుగా ఆమె ఆలోచించినదంతా ఆడేవాళ్ళను ఎప్పుడు ఉలిక్కిపడేట్టు చెయ్యాలన్నదే. తెలిసి కూడా ఎనిమిది గంటలు వాడి పక్కన నడవగల మనిషి ఒకరుంటారని ఆమెకు తట్టనేలేదు. తను రాసిన కథ తనకన్నా పెద్దదని మొదటిసారి అనిపించి భయమూ భక్తీ కలిగాయి.

ఆవిడ రోజూ వచ్చింది. ఆవిడ ఆడే తీరే వేరు. ప్రతి గుమ్మం ముందూ బాబీని ఒక్క క్షణం నిలబెట్టి, ఆ తర్వాతే లోపలికి నడిపించేది. "అడుగుతున్నాడులే పాపం, వాళ్ళకే వినపట్టల్లేదు," అనేది. ముసలమ్మలు అన్న మాటే అంటుంటే కుర్రాళ్ళు మీట నొక్కి దాటేశారు. ఆవిడ ప్రతిసారీ పూర్తిగా వింది. మూడోరోజుకు చక్రి, ఆ తర్వాత లక్ష్మీకాంత్ కూడా భోజనం పళ్ళేలు పట్టుకుని ఆవిడ వెనక చేరారు. తన చేత్తో గీసిన ఊరిని చక్రి కొత్తగా చూస్తున్నట్టు నోరు తెరుచుకుని చూశాడు.

తొమ్మిదో మధ్యాహ్నానికి ముగింపు వచ్చింది. బాబీ తన ఇంటికి తిరిగొచ్చాడు. పెరటి గోడ మీద విస్తరాకులో పిండం పెట్టి, వాళ్ళమ్మ చేతులు జోడించి నిలబడింది. అప్పుడు బాబీకి తెలుస్తుంది. తెర మీద ఒక మీట గుర్తు వెలుగుతుంది. నొక్కితే వాడు తింటాడు, ఆట అయిపోతుంది. పదిమంది పిల్లలూ అది వెలగడమే ఆలస్యం అన్నట్టు నొక్కేశారు.

శివపార్వతి గారు నొక్కలేదు.

నిమిషం గడిచింది. రెండు నిమిషాలు. "మీట నొక్కండి పిన్నిగారూ," అంది అక్షయ.

"ఎట్టా నొక్కుతానమ్మా? వాళ్ళమ్మ అడగట్లేదుగా."

"ఏం అడగాలండీ?"

ఆవిడ అక్షయను జాలిగా చూసింది. "మా ఆయనకి పదోరోజున కాలవ గట్టున పిండం పెట్టాం. మిట్టమధ్యాహ్నం దాకా కాకి ముట్టలేదు. మా బావగారు పిల్లని మేం చదివిస్తాంలేరా అన్నాడు. ముట్టలేదు. మా అత్త ఏడుస్తా ఏవేవో అడిగింది. కాకి గట్టు మీదే కూచుంది గానీ దిగలేదు. నాకప్పుడు గుర్తొచ్చింది. మా తలుపు గడియ సరిగ్గా పడేది కాదు. పడుకోబోయే ముందు ఆయనే లేచి రెండుసార్లు చూసుకునేవాడు. గడియ బాగు చేయించుకుంటాలే, నువ్వెళ్ళు అన్నా. దిగింది." ఆవిడ కొంగుతో కళ్ళజోడు తుడుచుకుంది. "అది కాకో ఆయనో నాకు తెలీదు. అడక్కుండా మాత్రం ఎవరూ తినరమ్మా."

పిల్లలు మోసం అన్నది ఎందుకో అక్షయకు ఇప్పుడర్థమైంది. వాళ్ళకు తక్కువైంది ముందస్తు సూచనలు కాదు. ఎనిమిది గంటలు ఎవరూ పలకరించని కుర్రాణ్ణి, చివరికి వాడెవరో తెలిసిపోయాక కూడా, తను పలకరించకుండానే పంపేసింది. చిక్కుముడి వేసిన గర్వంలో పడి అమ్మకు ఒక్క మాట రాయడం మరిచిపోయింది. ఆమెకు సిగ్గేసింది, అంతకు మించి సంతోషమేసింది.

"ఆ అమ్మ మాటలు మీరే చెప్పాలి పిన్నిగారూ," అంది.

మర్నాడు మధ్యాహ్నం కింద సుత్తులు ఆగిన గంటలో మైకు పెట్టారు. రాసిచ్చిన కాగితాన్ని ఆవిడ పక్కన పెట్టేసి, తెర మీది బాబీని చూస్తూ తోచింది మాట్లాడింది. చక్రి అడ్డు చెప్పకుండా అంతా రికార్డు చేశాడు. ఒక మాటకూ ఇంకో మాటకూ మధ్య ఎంతసేపు ఆగిందో అంతసేపూ అలాగే ఉంచారు. మీట గుర్తు మొదటి మాటకే వెలుగుతుంది. ఎప్పుడు నొక్కాలన్నది ఆడేవాళ్ళ ఇష్టం.

పంపాల్సిన రోజు వచ్చింది. లక్ష్మీకాంత్ కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. రెండు ముగింపులూ సిద్ధంగా ఉన్నాయి, పరవాన్నంది కూడా. "నచ్చకపోతే అదే పంపుతా, తర్వాత ఏడవకు," అన్నాడు అక్షయతో. ఆమె అతని వెనక గోడకు ఆనుకుని నిలబడింది.

తెర మీద తల్లి చేతులు జోడించింది. ఆట మొత్తంలో మొదటిసారి ఒక మనిషి బాబీ కేసి తిరిగి మాట్లాడింది.

"నువ్వు నడుముకి కట్టుకునే ఈత డబ్బా ఎవరికీ ఇవ్వలేదురా."

లక్ష్మీకాంత్ బొటనవేలు మీట మీదే ఉంది. నొక్కలేదు.

"చెల్లి బానే చదువుకుంటంది. నీ మంచం మీదే పడుకుంటంది."

నొక్కలేదు.

"నాన్న కాలవ కేసి వెళ్ళట్లేదు. పంపిస్తాలే నేను, బెంగెట్టుకోకు."

ఎప్పుడూ రెండు నిమిషాలు ఒక చోట నిలవని మనిషి, ముందుకు వంగి తెరకేసి చూస్తున్నాడు. చాలాసేపు ఏమీ వినిపించలేదు. తర్వాత శివపార్వతి గారి గొంతు, మైకుకు మరీ దగ్గరగా జరిగినట్టు, చిన్నగా వచ్చింది.

"ఆ పొద్దున నీ మీద అరిచాగానీ, కోపం లేదురా."

"నాకూ లేదమ్మా," అన్నాడు లక్ష్మీకాంత్ పైకే, మీట నొక్కుతూ.