బంగారంగళ్ళ కావలి

ఇద్దరూ నిలబడే ఉండారా, ఉండారు, బంగారంగడి తలుపుకు ఈ పక్క ఓబులేసు, ఆ పక్క గంగన్న, నడుమ ఒక బండి పట్టేంత ఎడం, ఆ ఎడం చూస్తాంటేనే కూడలిలో నిలబడిన జియావుల్లాకు గుబులుగా ఉంది, అయినా లోపల గర్వం పొంగుతానే ఉంది, పొంగదా మరి, దసరా ఊరేగింపు నాడు ప్రొద్దుటూరు బంగారంగళ్ళ వీధిలో ఒక్క పోలీసు లేడు, ఉన్నోళ్ళందర్నీ మధ్యాన్నమే లారీ ఎక్కించి పులివెందుల దిక్కు తోలేసినారు, ఆంధ్ర రాష్ట్రం వచ్చి ఇది రెండో దసరా, కొత్త కాపురం మాదిరి అన్నిటికీ కొరతే, లారీ పోయిందో లేదో అంగళ్ళ సంఘం సెక్రటరీ గురురాజారావు పంచె ఎగ్గట్టుకోని ఉరుకుతా వచ్చినాడు, జియావుల్లా సాయబూ, మునిగిపోయినాం, పొద్దుగూకేలోగా వీధికి కావలి పెట్టాల, నువ్వు తప్ప ఇంగెవరికీ చాతగాదు అన్నాడు, ఆ చివరి మాట ఇంగోసారి చెప్పించుకుంటే ఎంత బాగుండు అనిపించింది, పైకి మాత్రం, చూస్తాంలే సామీ, కూచో, మంచినీళ్ళు తాగు అన్నాడు.

పట్టాళం నుంచి వచ్చినప్పట్నుంచీ ఇదే బతుకుతెరువు, మిల్లులకూ సినిమా హాళ్ళకూ తిరునాళ్ళకూ కావలి మనుషుల్ని పెట్టడం, జమ్మలమడుగులో ఒక పత్తి గోడౌనుకు కావలివాళ్ళే తలుపు తీసి బేళ్ళు దాటించినప్పుడు పుట్టింది ఆయన కిటుకు, ఒక్కో తలుపుకు ఇద్దరు, ఇద్దరిదీ ఒకే ఊరు, ఊరి కక్షల్లో మాత్రం చెరొక పార్టీ, ఒకడు తాళం మీద చెయ్యేస్తే రెండోవాడు ఊరంతా చాటుతాడు, దొంగకంటే ముందు ఒకర్నొకరు కాచుకుంటారు, అప్పట్నుంచి ఆయన కావలిలో గుండుసూది గూడా పోలేదు, జిల్లా అంతా తిరిగి చూడప్పా, ఇట్లాంటి ఆలోచన ఇంగొకనికి తట్టిందా, ఖమర్‌బీ మాత్రం ఎకసెక్కాలాడుతుంది, అందరూ సరుకు అమ్ముకోని బతుకుతారు, మా ఆయన పగ అమ్ముకోని బతుకుతాండాడు అని, పెండ్లాం గదా, మొగుని గొప్ప ఆమె కంటికి ఆనదు.

ఈ పొద్దు మాత్రం కిటుకు మెడకే చుట్టుకుంది, తొందరలో మిల్లు నుంచి మనుషుల్ని పోగేసి అంగడికిద్దర్ని పంచితే, ఈ తలుపుకు పడిన ఇద్దరూ సింహాద్రిపురం అవతల ఒకే పల్లెవాళ్ళు, పోలీసు లారీ పోయింది సరిగ్గా ఆ పల్లెకే, పొద్దున పార్టీలు రెండూ కట్టెలతో కొట్టుకున్నాయంట, తలకాయలు పగిలినాయంట, ఎవరివో తెల్లేదు, లారీ ఎక్కుతా ఎక్కుతా ఒక కానిస్టేబులు చెవిలో వేసిపోయినాడు, ఓబులేసు అన్న ఆడనే ఉండాడు, గంగన్న నాయన ఆడనే ఉండాడు, సంగతి విన్న గురురాజారావు, దాచిపెట్టు సాయబూ, తెల్లారినాక చెబుదాం, ఏమన్నా అయితే ఈ వీధిలో నిన్ను మళ్ళీ కావలికి ఎవరూ పిలవరు అని గొణిగినాడు, దాచిపెడితే దాగుతాదా, పులివెందుల నుంచి ముద్దనూరు మీద వచ్చే బస్సులో ఎవడో ఒకడు దిగి ఆ మాట కక్కితే, కట్టెలు చేతిలో పెట్టుకోని నిలబడిన ఈ ఇద్దరూ ఏమైపోతారు, అల్లా, అందుకే ఇద్దర్నీ ఎదురుగా కూచోబెట్టుకోని ఉన్నదున్నట్టు చెప్పినాడు, పోవాలంటే పోండ్రా, నేనేమీ అనుకోను అన్నాడు, వాడుంటే నేనుంటా మామా అన్నాడు ఓబులేసు, గంగన్న తల గూడా ఎత్తకుండా నేనూ అంతే అన్నాడు, చూసినావా, పగే కాళ్ళు కదలనీలేదు అని ఇద్దరి చేతికీ కట్టెలిస్తా అప్పుడు లోపల్లోపల మురిసినాడు జియావుల్లా.

డప్పులు దగ్గరికొచ్చినాయి, అమ్మవారు మలుపు తిరిగింది, జనం ఇసకేస్తే రాలరు, అంతలోనే కరెంటు పోయింది, అమ్మా అని ఆడోళ్ళ కేకలు, ఎవరో తోస్తాండారు, కూడలి వదలకూడదు అని తాను పెట్టిన రూలే, రూలు మంట్లో కలవనీ, ఓబులేసూ, గంగన్నా, ఒక్కడన్నా పలకడే, కట్టె లేచిందా, నేనే గదా తెచ్చి పక్కపక్కన పెట్టింది, నా గీరకు ఒకని పానం పోతాదా యా అల్లా, మోచేతులతో జనాన్ని చీల్చుకుంటా తలుపు కాడికి వచ్చేసరికి దీపాలు వెలిగినాయి.

తలుపుకు వీపులానించి నిలబడి ఉండారు ఇద్దరూ, కట్టెలు కింద పడి ఉండాయి, ఒకని మణికట్టు ఒకడు పట్టుకోని ఉండాడు, తాళం వేసింది వేసినట్టే ఉంది, వెనకే ఉరికొచ్చిన గురురాజారావు దాన్ని గుంజి చూసి కండ్లు తుడుచుకున్నాడు, జియావుల్లాకు ఊపిరి తిరిగింది, ఊపిరితో పాటు గొప్ప గూడా, చూడు సామీ, వీడు యాడికన్నా పోతాడేమోనని వాడు, వాడు పోతాడేమోనని వీడు, అంతేనా రా అన్నాడు నవ్వుతా, కాదు మామా అన్నాడు గంగన్న, జనం తలుపు మీద పడతాంటే ఒక్కొక్కరం నిలబడలేకపోయినాం, అందుకే పట్టుకున్నాం, ఓబులేసు అందుకున్నాడు, నువ్వు దాచిపెట్టి, మాకు ఇంగొకరి నోట తెలిసింటే కట్టె వీని తల మీదనే పడుండు మామా, మా ఇండ్లల్లో ఎవరి తల పగిలిందో తెల్లేదని నువ్వే చెప్పి, నువ్వే మా చేతికి కట్టెలిచ్చినావే, అట్లా నమ్మినోని మాట ఎట్లా పోగొడతాం అన్నాడు, దీపాలు వెలిగి ఎంతసేపయిందో, జియావుల్లా చూస్తానే ఉండాడు, ఆ చేతులు ఇంగా విడిపోలేదు, పగ గాదు, పగ గాదు, ఇన్నేండ్లూ తన కిటుకును చూసుకోని మురిసినాడు, ఇద్దరు మనుషులు తన మాటకు నిలబడినారని మురవడం మాత్రం ఈ పొద్దే.