పెద్ద జాస్మిన్ కార్డు

ప్రతి నవంబరు రెండున నా పేరు చెక్కిన సమాధికి నేనే సున్నం వేస్తాను. ఆత్మల పండుగనాడు రెంటచింతలలో మా కథోలికులందరూ సమాధులు కడిగి, పూలు పెట్టి, కొవ్వొత్తులు వెలిగిస్తారు. మా ఇంటి సమాధి మూరెడు ఉంటుంది. దాని సిలువ మీద ‘జాస్మిన్’ అని రాసి ఉంటుంది. ఏడాదిన్నర వయసులో తట్టు వచ్చి పోయిన మా అక్క. ఆ మరుసటి ఏడు నేను పుడితే అదే పేరు నాకు పెట్టారు.

అది పెద్ద జాస్మిన్, నేను చిన్న జాస్మిన్. నాకిప్పుడు ముప్పై రెండేళ్లు. ఏడాదిన్నర పిల్ల ఇంకా నాకంటే పెద్దదే. చిన్నప్పుడు అమ్మ వాకిట్లో నిలబడి పిలిస్తే మొదటి పిలుపుకు పలికేదాన్ని కాదు, అది అక్కదేమోనని భయం. రెండో పిలుపుకు పరుగెత్తేదాన్ని. చెవిటిమాలోకం అని తిట్టేది గానీ, అమ్మ రెండుసార్లు పిలవడం మాత్రం మానలేదు.

హైదరాబాదులో నా ఉద్యోగం కూడా అక్క పెట్టించిందే అనుకుంటాను. మామూలు తట్టు టీకాలో బలం తగ్గించిన వైరస్ ఉంటుంది. అది వేడికి చచ్చిపోతుంది. మేం వైరస్ జోలికి పోకుండా, దాని ఒంటి మీది చిన్న ముక్కను పూసలు గుచ్చినట్టు ఒక్కో అణువూ కలిపి యంత్రంలో తయారు చేస్తాం. దాన్నే పెప్టైడ్ అంటారు. ఎండబెట్టిన పొడి కాబట్టి వేడికి అంత త్వరగా చెడదు. నాలుగేళ్లలో పదకొండు ముక్కలు చేస్తే పనికొచ్చేలా కనిపించింది ఏడోది ఒక్కటే.

ఏదైనా ముక్కను ముందు మా ఐదుగురి రక్తంతోనే పరీక్షిస్తాం. టీకా వేయించుకున్న వాళ్ల రక్తం ఆ ముక్కను గుర్తుపడితే పళ్లెంలోని గుంట పసుపురంగుకు తిరుగుతుంది. నాలుగు గుంటలు తిరిగాయి. నాది తెల్లగా ఉండిపోయింది. మూడుసార్లు చేశాను, మూడుసార్లూ అంతే. ఆ తెల్ల గుంట వైపు చూస్తుంటే అందులోంచి ఎవరో నా వైపు చూస్తున్నట్టుండేది. చదువుకున్నదాన్ని, బయటికి చెప్పుకుంటే నవ్వుతారు.

మా టీమ్ పెద్ద ఆనంద్ గారు విసుక్కోలేదు. టీకా పడ్డ మనిషిలోనే పట్టని ముక్కను పిల్లలకెలా ఇస్తామన్నారు. సోమవారంలోగా కారణం చూపించకపోతే ఏడోదాన్ని పక్కన పెడతామని, ఊరి నుంచి వచ్చేటప్పుడు, టీకా ఏ వయసులో పడిందో చూడటానికి నా కార్డు తెమ్మని చెప్పారు. అసలు నా రక్తంలో తట్టు టీకా గుర్తు ఉందో లేదో చూడాలని మాలో ఎవరికీ తోచలేదు. సూది వేయించానని అమ్మ చెప్పింది. అమ్మ మాట మీద నాకంత గురి.

ఆదివారం సున్నం వేసి ఇంటికొచ్చాక కార్డు అడిగాను. అమ్మ వినపడనట్టు చీర కుచ్చిళ్లు సర్దుకుంది. రెండోసారి అడిగితే బీరువాలో జపమాలల పెట్టె అడుగునుంచి తీసిచ్చింది. పసుపుపచ్చ అట్ట. పేరు జాస్మిన్. పుట్టిన తేదీ దగ్గర సిరా అలికేసి ఉంది. తట్టు గడిలో మాత్రం తేదీ చెక్కుచెదరలేదు: 14-5-91.

నేను పుట్టింది తొంభైమూడులో.

కార్డు పట్టుకుని మంచం మీద కూర్చున్నాను. ఇన్నేళ్లూ నేను పేరు ఒక్కటే పంచుకున్నాననుకున్నాను. సూది పడిన చెయ్యి కూడా దానిదే చూపించి బతికానన్నమాట.

“ఇది అక్కది కదమ్మా,” అన్నాను.

అమ్మ దబాయించలేదు. నర్సమ్మ నాకోసం వచ్చినప్పుడు అక్క కార్డు మీద తడి వేలు రుద్ది చూపించానని చెప్పింది. పేరు ఒకటే కదా, నర్సమ్మ గడులు చూసి వెళ్లిపోయిందట. అమ్మ నాకు పోలియో చుక్కలు వేయనిచ్చింది గానీ సూది పడనివ్వలేదు. ఎవరింట్లోనైనా తట్టు అంటే నన్ను ఆ వీధి మొగమే చూడనిచ్చేది కాదని అప్పుడు గుర్తొచ్చింది.

నాకు ఒళ్లు మండింది. నాలుగేళ్ల పని నీ అబద్ధానికి బలి కాబోయిందని కసురుకున్నాను. సూది వేయించినా అక్క పోయింది కాబట్టి సూదంటేనే నమ్మకం పోయిందా అని అడిగాను. అమ్మ తల అడ్డంగా ఊపింది.

“సూది తప్పు కాదే. ఆ రోజు ఎండ ఎట్టుందంటే రోడ్డు తారు చెప్పులకు అంటుకుంటంది. నర్సమ్మ డబ్బా తెరిస్తే నేను చూశా. ఐసు లేదు, అన్నీ నీళ్లే ఉండాయి. అడుగుదామనుకున్నా. చదువుకున్న మనిషిని మనం ఏందిలే అడిగేదని ఊరుకున్నా. దాని చెయ్యి నేనే పట్టుకున్నా.”

ఆ తర్వాత నా చెయ్యి పట్టుకోవడానికి ధైర్యం చాల్లేదంది. నా కోపం ఎటు పోయిందో తెలియలేదు. ముప్పైనాలుగేళ్లుగా ఆ మాట ఎవరికీ చెప్పకుండా సమాధికి పూలు తెచ్చిన మనిషిని ఏమని తిట్టను? ఆమె పక్కన కూర్చుని ఏడ్చాను.

ఆనంద్ గారికి ఫోన్ చేసి ఉన్నదున్నట్టు చెప్పాను. ఫ్రిజ్‌లో నా రక్తం ఇంకా ఉంది, దాన్ని పూర్తి వైరస్‌తో పరీక్షించమన్నాను. సోమవారం మధ్యాహ్నం నేను ఊళ్లో ఉండగానే కబురొచ్చింది. అదీ తెల్లగానే ఉంది. లోపం నా రక్తంలో ఉంది, ముక్కలో లేదు. ఏడోది నిలబడింది. సంతోషించాల్సిందే, సంతోషించాను కూడా. కానీ ఆ గుంటలో ఇన్నాళ్లూ అబద్ధం ఆడకుండా కూర్చున్నది అక్కేనని అనిపించింది.

సాయంత్రం మాచర్ల బస్సెక్కాను, సూది వేయించుకోవడానికి. అమ్మ చెప్పులు తొడుక్కుని వెంట వచ్చింది. అక్కడి చిన్న ఆసుపత్రిలో నర్సు కొత్త కార్డు తీసి పేరడిగింది. నేను నోరు తెరిచేలోపే అమ్మ చెప్పింది, జాస్మిన్ అని, ఒక్కసారే.

నర్సు ఫ్రిజ్ తెరిచి టీకా సీసా బల్ల మీద పెట్టింది. అమ్మ అడక్కుండానే దాన్ని తీసి చెంపకు ఆనించుకుంది. నర్సు వద్దనబోయి ఆమె మొహం చూసి ఆగిపోయింది. అమ్మ కళ్లు మూసుకుని చాలాసేపు అలాగే నిలబడింది. తర్వాత సీసా నర్సు చేతికిచ్చి, నా మోచెయ్యి గట్టిగా పట్టుకుంది.

“చల్లగానే ఉందే. చెయ్యి చాపు.”