మాటకు తోడు

ఎర్రమట్టిలో పెంటఎరువు కలిపి, నల్ల కవర్లలోకి కూరి, బొటనవేళ్లతో అదిమి వరసగా పేరుస్తోంది తారాబాయి. లాల్‌గడి మలక్‌పేట్ నర్సరీలో ఆమె పని అదే. అరవై దాటినా నడుము వంగలేదు. గోళ్ల సందుల్లో మట్టి మాత్రం ఏ సబ్బుకూ లొంగదు. అవతల పైపు పట్టుకుని మొక్కలు తడుపుతూ బాలనర్సయ్య ఏదో చెబుతూనే ఉన్నాడు. ఆమె చెయ్యి ఆపకుండానే నవ్వుతోంది.

ఆమె పెనిమిటి, ఆయన భార్య ఎప్పుడో పోయారు. పెళ్లి మాట లేకుండానే ఇద్దరూ నర్సరీ పక్క రేకుల గదిలో కలిసి ఉంటున్నారు. ఊరు కొన్నాళ్లు నవ్వింది. తర్వాత ప్లాట్ల ధరల్లో పడి మరిచిపోయింది.

పొద్దెక్కాక శేఖర్ వచ్చాడు. బాలనర్సయ్య కొడుకు, మేడ్చల్‌లో ప్లాట్లు అమ్మిస్తాడు. ఎటో చూస్తూ ఆమెతో అన్నాడు.

"మా పిల్లకు సంబంధమొచ్చింది. 'మీ నాయిన తాన ఉండే గామె ఎవరు' అని పిల్లగానోళ్లు అడుగుతున్నరు. ఏం జెప్పాలె? గుళ్లె ఓ తాళన్న కట్టిచ్చుకోరాదు?"

తారాబాయి లేచి నిలబడింది.

"నన్ను మొదాలు మా అత్తగారోళ్లు ఎందుకు జేసుకున్నరో ఎరుకేనా శేఖర్? నాట్లెయ్య మనిషి తక్కువుండె. తాళి కట్టి తెచ్చిండ్రు. బతుకంత చేసిన. తిన్నవా అని ఒక్కనాడు అడగలే. మీ నాయినకు నా కష్టమొద్దు, నాకు ఆయన భూమి జాగ ఒద్దు. పొద్దుగూకితే మాట్లాడుకునేతందుకు ఉన్నం. దీనికి తాళెందుకు? గట్లనే చెప్పు. నాకైతే సిగ్గు లేదు."

"ఇన్నవారా?" అన్నాడు బాలనర్సయ్య, తానే ఆ మాటలు అన్నంత గర్వంగా.

శేఖర్ బండి తిప్పుకుని పోయాడు.

మధ్యాహ్నం బువ్వ తిని, బాలనర్సయ్య చెట్టు నీడన ఒరిగాడు. "నడుం వాలుస్త. నువ్వు ఏదన్న చెప్పు," అన్నాడు. చిన్నప్పుడు గౌడవెల్లిలో జొన్నచేనుకు కావలి ఉండి చిలకలను తోలిన సంగతి మొదలుపెట్టిందామె. ఆయన ఊ కొట్టాడు. కాసేపటికి ఊ ఆగింది. నిద్ర పట్టిందనుకుని, చెప్పేది నెమ్మదిగా పూర్తి చేసింది. చాయ్ వేళకు లేపబోతే చెయ్యి చల్లగా తగిలింది.

శేఖర్ చుట్టాలతో వచ్చాడు. పాడె దగ్గర ఒక పెద్దమనిషి, "గామెను జర అవతలికి జరగమను," అన్నాడు.

"ఆమె జరగదు," అన్నాడు శేఖర్. "మా సిన్నమ్మ. నాయిన ఆఖరి మాట ఆమెతోనే మాట్లాడిండు."

తారాబాయి కన్నీళ్లు తుడుచుకోలేదు. తల నిటారుగా పెట్టి ఆయన తలాపున నిలబడింది.

అందరూ పోయాక, ఆయన పేర పెట్టే దీపం కింద పొయ్యడానికి గుప్పెడు బియ్యం కోసం డబ్బా మూత తీసింది. బియ్యంలో, ఆమెకు చెప్పకుండా ఆయన మాగబెట్టిన సీతాఫలం, అప్పుడప్పుడే పండుతూ కన్ను విచ్చుకుంటోంది.